కోదాడలో నేను పట్టిన ఒకే ఒక్క మార్కు

ఓడిపోవడంలో చాలా రకాలున్నాయి. చేతకాక ఓడేవాళ్లున్నారు, కాలు బెణికి ఓడేవాళ్లున్నారు, వానొచ్చి ఓడేవాళ్లున్నారు. గెలుపు గడప దాకా వచ్చి చెప్పులు విడుస్తున్న సమయంలో దాన్ని మెడపట్టి బయటికి గెంటినవాణ్ణి మాత్రం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లూ గాలించినా నన్నొక్కణ్ణే చూస్తారు. ఆ పని నేను పొరపాటున చేశానని మా అమ్మ అంటుంది. అబద్ధం. ఎంతో కష్టపడి, నెల రోజులు సాధన చేసి, ఎగిరి మరీ చేశాను. ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. కాకపోతే సూర్యాపేటలో ఉండి చదువుతున్నవాళ్లు కొంచెం మెల్లగా నవ్వండి. ఆ రోజు నాతో ఆడిన ఎనిమిది మందిలో ఐదుగురు అక్కడే ఉంటున్నారు.

ముందు నా పొడుగు సంగతి. డిగ్రీ రెండో ఏడాదికే ఆరడుగుల నాలుగంగుళాలయ్యాను. మాది ఆత్మకూర్ (ఎస్). అక్కణ్ణుంచి సూర్యాపేట కాలేజీకి రోజూ బస్సులో, పెళ్లికూతురిలా తల వంచుకుని వెళ్లేవాణ్ణి. ఊళ్లో ఎవరింట్లో బూజు పట్టినా, బల్బు మాడినా, పందిరికి మామిడాకులు కట్టాలన్నా "అంగన్వాడీ టీచర్ కొడుకును పిలువున్రి" అనేవాళ్లు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు పెద్దలు. పొడుగువాడికి ఎన్నో వాళ్లు చెప్పలేదు. మొహమాటపడి ఊరుకున్నారని నా అనుమానం.

అందని ద్రాక్షపండ్లు పుల్లన అనే సామెత కూడా ఉంది. నాకు అందనివేం లేవు. అందినవన్నీ నా చేతిలో పడ్డాకే పుల్లనయ్యేవి.

ఒకరోజు కాలేజీ మైదానం పక్కనుంచి పోతుంటే మా ఆటల మాస్టారు యాదగిరి సార్ విజిల్ ఊదారు.

"అరే పొడుగోడా, గిటు రా. ఏం పేరు?"

"నర్సింహ సార్."

"ఎత్తెంత?"

"ఆరు నాలుగు సార్."

"వాలీబాల్ ఆడుతవా?"

"లేద్సార్."

"బాస్కెట్‌బాల్?"

"లేద్సార్."

"మరి గింత పొడుగు పెట్టుకొని ఏం జేస్తున్నవ్ రా?"

"బీకాం చేస్తున్న సార్."

సార్ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. అందుకు కొంత సమయం పట్టింది. తర్వాత సంచిలోంచి ఒక బంతి తీశారు. బంతి అని ఆయన అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను. పీచు తియ్యని కొబ్బరికాయకు తోలు తొడిగినట్టుంది. నేలకేసి కొడితే ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఒకసారి అసలు ఎటూ పోకుండా అక్కడే గిరగిరా తిరిగింది.

"ఇది ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్. కాలుతోటి తన్నొచ్చు, చేతులతోటి పట్టొచ్చు, సంకల పెట్టుకొని ఉరకొచ్చు, అవతలోన్ని పట్టుకొని కింద పడెయ్యొచ్చు."

"మరి ఏం చెయ్యొద్దు సార్?"

"చేత్తోటి ఇసరొద్దు. పిడికిలితోటి గుద్దాలె. అంతే."

మైదానానికి ఈ చివర నాలుగు వెదురుబొంగులు, ఆ చివర నాలుగు వరసగా పాతి ఉన్నాయి. వల లేదు, పైన అడ్డకర్ర లేదు. నడిమి రెండు బొంగుల మధ్యనుంచి బంతిని తన్నితే గోలు, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే. అసలు ఆటలో జట్టుకు పద్దెనిమిది మందట. అంతమంది సూర్యాపేటలో దొరకరు కాబట్టి తొమ్మిది మందితో చిన్నాట.

"నిన్ను ముందు వరసల, గోలుకాడ నిలబెడుత" అన్నారు సార్. "ఎనకనుంచి మనోళ్లు బాల్ ఎత్తి తంతరు. అది నేల మీద పడకముందే, ఇంకెవ్వడు ముట్టకముందే నువ్వు గాలిలనే పట్టాలె. దాన్ని మార్కు అంటరు. మార్కు పట్టినవంటే రాజువే. నీ జోలికెవ్వడు రావద్దు. నిమ్మలంగ నిలవడి గోలుకు తన్నుకో."

ఆయన ఇంకా చాలా నియమాలు చెప్పారు. నేను "రాజువే" దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత సార్ నోరు కదులుతూ కనిపించింది కానీ, నేను అప్పటికే గాలిలో ఉన్నాను. ఆ వినకుండా పోయిన సగంలో ఏముందో కోదాడలో తెలిసింది.

సాధన మొదలైంది. బంతి ఆకాశంలోంచి వచ్చేది. నేను ఎగిరేవాణ్ణి. నిజం చెప్పాలి, ఎగరడం బాగా ఎగిరేవాణ్ణి. పట్టడం దగ్గరే చిక్కు. నా చేతులు రెండూ రెండు ఊళ్లవాటిలా ఉండేవి. కుడిచెయ్యి వచ్చేసరికి ఎడమచెయ్యి వెళ్లిపోయేది. బంతి ముక్కుకు తగిలింది, ఛాతీకి తగిలింది, ఒకసారి నోట్లో ఉన్న విజయగర్వపు నవ్వుకే తగిలింది. మొదటి రోజు ముప్పై సార్లు ఎగిరి రెండు మార్కులు పట్టాను. ఆ సంతోషం అమ్మతో పంచుకుందామనుకోవడం నా తప్పు.

"అమ్మా, ఇయ్యాల రెండు మార్కులొచ్చినయ్!"

"రెండా? ఎంతకు రెండు?"

"ముప్పైకి."

"సీ! ముప్పైకి రెండు తెచ్చుకొని ఇకిలించుకుంట ఇంటికొస్తవా?"

"అవి తెచ్చుకునే మార్కులు కాదమ్మా, పట్టే మార్కులు."

"పట్టుడేంది? ఇన్నొద్దులు కాపీ కొట్టుడే విన్న. ఇప్పుడు పట్టుకునుడు గూడ మోపయిందా?"

ఆమెకు ఆట గురించి వివరించడానికి రెండు రొట్టెలు చల్లారిపోయాయి. చివరికి ఆమెకు అర్థమైంది ఒక్కటే: కొడుకు ఏదో పట్టాలి, పడితే గొప్ప. పాపం, ఆ అర్థమైందానితోనే కోదాడకు వచ్చింది.

నేను పట్టకపోయినా యాదగిరి సార్ నన్ను తీసెయ్యలేదు. దానికి కారణం ప్రభుదాస్. వాడిది నిడమనూరు, సూర్యాపేటలో హాస్టల్లో ఉండి నాతోపాటే చదివేవాడు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. నా పక్కన నిలబడితే తండ్రీకొడుకుల్లా ఉండేవాళ్లం. నేను ఎగిరినప్పుడల్లా నాతోపాటు అవతలివాళ్లు ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు ఎగిరేవాళ్లు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని గోలు దగ్గర ఒంటరిగా వదిలే ధైర్యం ఎవడికుంటుంది? అందరం పైన కొట్టుకునేవాళ్లం, బంతి ఎవరికీ దొరక్క కింద పడేది. కింద ప్రభుదాస్ ఒక్కడే ఉండేవాడు. బంతి తీసుకుని, కన్ను మూసి తెరిచేలోగా గోలుకు తన్నేసేవాడు. మేం పైనుంచి దిగేసరికి ఆరు పాయింట్లు.

"చింతచెట్టు దులిపేటోడొకడు, కాయ ఏరేటోడొకడు" అన్నారు సార్ మురిసిపోతూ. "నువ్వు పట్టకున్న నీ ఇలువ నీకున్నది నర్సింహా. నువ్వు ఊకె ఎగురు."

మంచి మాటే. ఇప్పుడు తలుచుకుంటే ఇంతకంటే మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడికి "నువ్వు ఊకె ఎగురు" అంటే ఎలా ఉంటుంది? కప్పకు చెప్పినట్టుంటుంది.

కోదాడలో మూడు ఊళ్ల పోటీ పెట్టారు. పొద్దున మాకూ కోదాడకూ ఒక ఆట, కోదాడకూ మిర్యాలగూడకూ ఒక ఆట, మధ్యాహ్నం ఆఖరి ఆట. రాష్ట్ర జట్టు శిబిరానికి ఆటగాళ్లను ఎంచడానికి హైదరాబాదునుంచి ఒక మేడమ్ వచ్చారు. టోపీ, మెడలో విజిల్, చేతిలో నోటు పుస్తకం. గెలిచిన జట్టులోంచే తీసుకుంటారని బస్సులో సార్ మాకు చెప్పారు.

ఆ మాట విని ప్రభుదాస్ కిటికీ బయట పొలాల వైపు చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు: "రాష్ట్రం టీంల ఆడిన సర్టిఫికెట్ ఉంటే కొలువుకు పనికొస్తదట రా. మా అమ్మ నాట్లకు పోవుడు బందు చేపియ్యాలె. నడుము ఒంగుతలేదు ఆమెకు."

"గెలుస్తం తీయ్" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనేనని ఇక్కడ గుర్తు చేస్తున్నాను.

పొద్దున కోదాడమీద గెలిచాం. ప్రభుదాస్ ఐదు గోల్స్ కొట్టాడు. నేను పదకొండుసార్లు ఎగిరాను. ఒక్కటీ పట్టలేదు. అంతవరకూ ఫరవాలేదు. కానీ మైకులో వ్యాఖ్యానం చెప్పడానికి కోదాడవాళ్లు ఒకాయన్ని పెట్టారు. ఆయన మామూలుగా ఎడ్ల బండలాగుడు పోటీలకు చెబుతాడట. ఈ ఆట ఆయనకు తెలియదు. కళ్లకు కనిపించింది కనిపించినట్టు చెప్పేశాడు.

"బంతి వస్తుందండీ! పొడుగాయన ఎగిరారండీ! పట్టలేదండీ! మళ్లీ వస్తుందండీ! మళ్లీ ఎగిరారండీ! మళ్లీ పట్టలేదండీ! ఆయన ఓపిక్కి మాత్రం మనం చప్పట్లు కొట్టాలండీ!"

జనం కొట్టారు కూడా.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తింటుంటే మేడమ్ వచ్చి, "పొద్దున గోల్స్ కొట్టిన చిన్నబ్బాయి ఎవరు? పేరేమిటి?" అని అడిగి రాసుకుని వెళ్లిపోయారు. నా వైపు చూడలేదు. నన్ను చూడకుండా ఉండడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

నేను పొట్లం మూసేశాను.

"ఎగిరేది నేను, పేరేమో నీకు" అన్నాను ప్రభుదాస్‌తో.

"అట్లెందుకంటవ్ రా? నువ్వు ఎగురకపోతే నాకు బాలే దొరకది."

"మరి ఆ సంగతి మేడమ్‌కు చెప్పకపోయినవ్?"

"అడిగితే చెప్తుంటి. పేరడిగింది, చెప్పిన."

"మంచిగున్నది. సూడు, ఇప్పుడు సూడు. ఆఖరి ఆటల నేనే పడుత, నేనే తంత."

వాడు చేతిలో పొట్లం కింద పెట్టాడు. "నర్సింహా, నీకు దండం పెడుత. ఈ ఒక్క ఆటకు ఏం కొత్తగ చెయ్యకు."

ఇంతలో అమ్మ వచ్చింది. వెంట మిర్యాలగూడలో రైస్ మిల్లు లారీ నడిపే మా మేనమామ లింగయ్య. అమ్మ చేతిలో కిలో బాదూషాల డబ్బా. కొడుకు పట్టబోయే మార్కుల కోసం ముందే కొన్నది.

"మామా, నువ్వెవరి దిక్కు?" అన్నాను. అవతలి జట్టు మిర్యాలగూడ మరి.

"ఊరు నాదే, అల్లుడు నావోడే. ఎవరు గెలిచినా నేనే గెలిచిన. నువ్వు మాత్రం మీ అమ్మకు కనవడేటట్టు ఆడు. గోలు కట్టెల ఎనకనే కూసుంటం."

అదీ నా బుర్రలో పడ్డ ఆఖరి విత్తనం. అమ్మకు కనబడేటట్టు!

ఆఖరి ఆట మొదలైంది. నన్ను కాయడానికి మిర్యాలగూడవాళ్లు సైదులు అనే మనిషిని పెట్టారు. మిల్లులో వడ్ల బస్తాలు మోసే మనిషి. ఎత్తు నా భుజం దాకానే, వెడల్పు మాత్రం నాలాంటి వాళ్లు ఇద్దరు. కానీ మాట మెత్తన.

"అన్నా, పొద్దున నిన్ను సూసిన. మస్తు ఎగురుతున్నవ్" అన్నాడు.

"ఊఁ."

"పట్టేది ఎప్పుడన్నా?"

వాడు నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అదే ఎక్కువ మండింది.

ఆ మంటలో నా చోటు వదిలేశాను. గోలు ముందర ఉండాల్సినవాణ్ణి బంతి ఎటు పోతే అటు పరుగెత్తాను. మధ్యలోకి వెళ్లి మా జట్టు సంతోష్‌కు రావలసిన బంతిమీద పడ్డాను. పక్కకు వెళ్లి గీత దాటి ఒక పెద్దాయన ఒళ్లో కూర్చున్నాను. గోలు దగ్గర నేను లేకపోయేసరికి నన్ను కాచేవాళ్లంతా ఖాళీ అయ్యి ప్రభుదాస్‌ను చుట్టుముట్టారు.

"నీ జాగల నువ్వుండు రా!" అని వాడు మొత్తుకుంటూనే ఉన్నాడు.

"పొడుగాయన మైదానమంతా తిరుగుతున్నారండీ!" అన్నాడు మైకాయన. "ఏదో వెతుకుతున్నట్టున్నారండీ!"

ఆఖరి విరామంలో యాదగిరి సార్ నన్ను పక్కకు తీసుకెళ్లారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నర్సింహా, నువ్వు పట్టకు."

"సార్?"

"పట్టకు బిడ్డా. ఒట్టేసి అడుగుతున్న. గోలు ముందర నిలవడు, ఎగురు, కింద పడు. పట్టుడు గిట్ల పెట్టుకోకు."

ప్రపంచంలో ఏ ఆటలోనైనా ఏ గురువైనా ఏ శిష్యుణ్ణైనా ఇలా వేడుకున్నాడా? నేను తల ఊపి వెళ్లి గోలు ముందర నిలబడ్డాను. చెప్పిన మాట విన్నాను. ఎగిరాను, కింద పడ్డాను. ప్రభుదాస్ ఒక గోలు కొట్టాడు. మళ్లీ ఎగిరాను, మళ్లీ పడ్డాను, ఇంకో గోలు. చాలా వెనకబడి ఉన్నవాళ్లం దగ్గరికి వచ్చేశాం. మిర్యాలగూడ నలభై మూడు, మేము నలభై ఒకటి. ఆట ఇంకో నిమిషమే ఉందని సార్ వేలు చూపించారు. గోలు కట్టెల వెనక అమ్మ లేచి నిలబడింది.

అప్పుడు ప్రభుదాస్‌కు బంతి దొరికింది. గోలుకు నలభై గజాల దూరంలో, చుట్టూ ఎవరూ లేరు. వాడు రెండడుగులు వేసి తన్నాడు. ఆహా, ఏం తన్నుడది! బంతి వడిసెల రాయిలా లేచి, నడిమి రెండు బొంగుల మధ్యకు సూటిగా, దారి తెలిసిన ఎద్దులా బయల్దేరింది. సైదులు దాన్ని చూసి, ఇక చేసేదేం లేదని నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. మా వాళ్లు అప్పటికే చేతులు పైకెత్తేశారు. ఆ బంతిని ఆపగలిగినవాడు ఆ మైదానంలో ఎవడూ లేడు. ఆరడుగుల నాలుగంగుళాలవాడు ఒకడు తప్ప.

నేను గోలు గీత ముందరే నిలబడి ఉన్నాను. బంతి నాకోసమే వస్తోందనిపించింది. నెల రోజులుగా నన్ను వెక్కిరించి, ముక్కుమీద గుద్ది, వేళ్ల సందుల్లోంచి జారిపోయిన బంతి ఇప్పుడు బుద్ధి తెచ్చుకుని ఇంటికి తిరిగొస్తోంది. వెనక అమ్మ. పక్కన నోటు పుస్తకంతో మేడమ్. ఇంకేం ఆలోచించగలను?

పరుగెత్తాను. సైదులు భుజంమీద మోకాలు పెట్టాను. ఈ ఆటలో అది తప్పు కాదు. పాపం, వాడు బస్తా ఎక్కిందనుకున్నాడో ఏమో, అలవాటు ప్రకారం కదలకుండా నిలబడ్డాడు. అంత గట్టి మెట్టు దొరికితే ఇక చెప్పేదేముంది? లేచాను. వెదురుబొంగుల కొసలు నా కళ్లకు దగ్గరగా కనిపించాయి. రెండు చేతులూ మొదటిసారి ఒకే ఊరికి చెందినవాటిలా కలిసి వచ్చాయి. బంతి వచ్చి అరచేతుల్లో టప్పున కూర్చుంది. కదల్లేదు.

పట్టాను!

"పట్టేశారండీ!" అని అరిచాడు మైకాయన. "ఎట్టకేలకు పట్టేశారండీ!"

మిర్యాలగూడ జనం ఒక్కసారి లేచి కేకలు పెట్టారు. ఎదుటి జట్టువాళ్లు కూడా మెచ్చుకుంటున్నారని నా గుండె ఉప్పొంగింది. అంపైర్ విజిల్ ఊదాడు. ఇప్పుడు గీత ముందర నిలబడి, కళ్లు మూసుకుని ఎడమకాలితో తన్నినా గోలే. చిన్నపిల్ల తన్నినా గోలే.

"తన్ను! తన్ను రా!" అని ప్రభుదాస్ అరుస్తున్నాడు.

"తన్ను! తన్ను!" అని మా జట్టంతా అరుస్తోంది.

ఆ హోరులో నాకు ఎవరు అరుస్తున్నారో తెలియలేదు. ఎవరో నన్ను తన్నమంటున్నారనుకున్నాను. మిర్యాలగూడవాళ్లకు కోపం రావడం సహజమే కదా అనుకుని, బంతిని తలమీదకు ఎత్తిపట్టుకుని, గుండ్రంగా తిరిగి, నడిమి రెండు బొంగుల మధ్యనుంచి అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా! మార్కు!"

అమ్మ కళ్లలో నీళ్లు. మామ ఈల వేశాడు. వెనక్కి తిరిగి చూస్తే, బొంగుల దగ్గర నిలబడిన గోలు అంపైర్ ఒక చూపుడువేలు పైకెత్తి నన్నే చూస్తున్నాడు. నంబర్ వన్ అంటున్నాడనుకుని ఆయనకు దండం పెట్టాను.

"ఒకటి" అన్నాడాయన.

"థాంక్స్ సార్!"

"ఒక్క పాయింటు బాబూ. కాలితో తంతేనే ఆరు. చేత్తో పట్టుకుని గీత దాటితే ఒకటే. మీ సారు చెప్పలేదా?"

చెప్పారు. ఆ సగంలోనే చెప్పారు.

నలభై రెండు, నలభై మూడు. సైదులు బంతిని తీసుకుని అందనంత దూరం తన్నాడు. ఆట అయిపోయిన విజిల్ మోగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. మా జట్టులో తన్నేవాడు ఒకడు పుట్టాడు, వాడికి అడ్డంగా నేను పుట్టాను. నేను మైదానంలో లేకపోతే ఆరు పాయింట్లు. ఉన్నందుకు ఒకటి. ముందు వరసలో నా విలువ ఎంతో ఆ రోజు లెక్క తేలింది.

కథ అంతటితో అయిపోతే నేను మామూలు మూర్ఖుణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. మిర్యాలగూడ జట్టు నా మీదికి ఉరికి వచ్చింది. కొడతారనుకుని చేతులు అడ్డం పెట్టుకున్నాను. సైదులు నన్ను వడ్ల బస్తాలా లేపి భుజంమీద వేసుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల మా టీంల బెస్ట్ ప్లేయర్‌వి నువ్వే!"

మైదానమంతా ఊరేగించారు. దించమని కాళ్లు కొట్టుకుంటుంటే నేను ఆనందంతో ఎగురుతున్నాననుకున్నారు. కిందినుంచి మామ గొంతు వినిపిస్తూనే ఉంది: "సూసినవా అక్కా? ఎత్తుకున్నరంటే మనోడే గెలిపించిండన్నట్టు!"

అమ్మ బాదూషాల డబ్బా తెరిచింది. మిర్యాలగూడవాళ్లకు పంచింది. అంపైర్లకు పంచింది. మైకాయనకు రెండు ఇచ్చింది. తర్వాత మా జట్టువాళ్ల దగ్గరికి వచ్చి ఒక్కొక్కరి చేతిలో పెడుతూ, "తినున్రి బిడ్డా, మా నర్సింహ మార్కు పట్టిండు" అంది. అంత దుఃఖంలో బాదూషా తిన్న జట్టును మళ్లీ ఎక్కడా చూడలేదు. యాదగిరి సార్ చేతిలో బాదూషా అలాగే ఉంది, ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయారు.

ప్రభుదాస్ వెదురుబొంగుకు ఆనుకుని మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ వాడి భుజం తట్టింది. వాడు తల ఎత్తి చూసి, తీసుకుని, ఒక ముక్క కొరికి, "మంచిగున్నదమ్మా" అన్నాడు. నా వైపు చూడలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. వాడు తిట్టలేదు. నడుం వంగని వాళ్లమ్మ నాకు కళ్ల ముందు కనిపించింది. భుజాలమీదనుంచి దిగి, తిన్నగా మేడమ్ దగ్గరికి నడిచాను.

"మేడమ్, ఆ బాల్ గోలుకే పోతుండె. నేనే ఆపిన. అడ్డం పోకపోతే గెలుస్తుంటిమి. తప్పు నాది. వాణ్ణి గెలిచినోళ్లల్ల లెక్క పెట్టుకోండి మేడమ్, మీ కాళ్లు మొక్కుత."

ఆమె పుస్తకంలోంచి తల ఎత్తారు. "గెలిచినవాళ్లనే తీసుకుంటామని ఎవరు చెప్పారు?"

"యాదగిరి సార్."

సార్ ఆకాశం వైపు చూశారు. "అట్ల చెప్పకపోతే ఈ పోరగాండ్లు ఉరుకరు మేడమ్."

"ప్రభుదాస్ పేరు పొద్దునే రాసేశాను" అన్నారామె. "ఓడినా గెలిచినా ఆ అబ్బాయి వస్తాడు."

ప్రభుదాస్ అప్పటికే నా వెనక నిలబడి ఉన్నాడు. నేను తిరిగి చూసేసరికి వాడి మూతిచుట్టూ చక్కెర, కళ్లలో నీళ్లు, అయినా నవ్వుతున్నాడు. నా పొట్టలో ఒక గుద్దు గుద్దాడు. వాడికి అందేది అదే.

"మేడమ్, వీన్ని గూడ తీస్కోండి" అన్నాడు.

నేనూ మేడమూ కలిసి ఉలిక్కిపడ్డాం.

"వీడు ఎగిరితే ముగ్గురు వీని మీదికే పోతరు మేడమ్. నేను ఖాళీగ ఉంట. వీడు లేకుంటే ఆ ముగ్గురు నా మీద పడతరు."

ఆమె నన్ను చాలాసేపు పరీక్షగా చూశారు. "చేతులు బాగున్నాయి. ఎగరడం చాలా బాగుంది. తల సంగతే..." అని ఆగి, "సరే, అదనపు ఆటగాడిగా రా. తల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు.

శిబిరానికి వెళ్లాను. తల సంగతి వాళ్లు చూసుకోలేకపోయారు, అది వేరే విషయం. ప్రభుదాస్ మాత్రం రెండేళ్లు రాష్ట్ర జట్టులో ఆడాడు. ఆ సర్టిఫికెట్ ఎంత పనికొచ్చిందో, వాడి చదువు ఎంత పనికొచ్చిందో నాకు తెలియదు కానీ, ఇప్పుడు హాలియాలో కొలువు చేస్తున్నాడు. వాళ్లమ్మ నాట్లకు పోవడం మానేసింది.

ఆ రోజు తిరుగు బస్సులో అమ్మ పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె నిదానంగా విన్నది.

"అయితే మీరు ఓడిపోయిన్రా?"

"ఓడిపోయినమమ్మా."

"మరి నిన్నెందుకు ఎత్తుకున్నర్రా?"

"వాళ్లను గెలిపించిన గదమ్మా."

మునగాల దాటేదాకా ఆమె వేళ్లమీద ఏదో లెక్క పెట్టుకుంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుని, "ఓడగొట్టినోని తల్లే సక్కెర పంచింది, ఎవలన్న ఇంటే ఏమనుకుంటరు రా!" అని మళ్లీ మొదలుపెట్టింది. బస్సులోవాళ్లు ఏమైందని అడిగారు. ఆమె చెప్పేసింది. సూర్యాపేట వచ్చేసరికి కండక్టరుతో సహా ఎవరూ నా వైపు చూసి నవ్వకుండా ఉండలేకపోయారు.

కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాస్తవ్యులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: ఆరడుగుల నాలుగంగుళాల నర్సింహ అను నేను, పూర్తి తెలివితో, అంటే ఉన్నంత తెలివితో, చేస్తున్న ప్రమాణం ఇది. ఇకమీదట ఎవడైనా ఏదైనా చక్కగా తన్ని, అది చక్కగా పోవలసిన చోటికే పోతూ ఉంటే, అది నాకు ఎంత అందినా, ఎంత గట్టి భుజం మెట్టుగా దొరికినా, మైకులో ఎవరేమన్నా, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నిలబడతాను. నిక్కరుకు జేబులు లేకపోతే, చేతులు కట్టుకుని గీతకు అవతల కూర్చుంటాను.